తోడేళ్ళ లోయను కట్టడం: రొమాంటిక్ కాలపు ఆపెరా రంగాలంకరణ, అట్టపెట్టె మోడల్‌లో మొదటి నుంచి చివరి దాకా

19వ శతాబ్దపు ఆపెరా సెట్ల బొమ్మలు చూసినవాళ్ళకు ముందుగా వచ్చే ఆలోచన "అబ్బ, ఎంత బాగా పెయింట్ చేశారో" అని. అక్కడే దారి తప్పుతాం. ఆ తెరలు గోడకు తగిలించుకుని చూడడానికి వేసినవి కావు. మసక వెలుగులో, సంగీతం నడుస్తుండగా, ప్రేక్షకుల కళ్ళెదుటే మారిపోవడానికి వేసినవి. అందుకని ఈ మార్గదర్శిలో క్రమం కాస్త తలకిందులుగా ఉంటుంది. ముందు కథలో మార్పులు, తర్వాత వెలుగు, ఆ తర్వాత ప్లాను. కుంచె పట్టుకునేది చాలా ఆలస్యంగా.

సాధన కోసం ఒకే ఒక్క దృశ్యం తీసుకుందాం. కార్ల్ మరియా ఫాన్ వేబర్ ఆపెరా "డెర్ ఫ్రైషుట్స్"లో రెండో అంకం చివర వచ్చే తోడేళ్ళ లోయ. 1821 జూన్ 18న బెర్లిన్‌లో, వాస్తుశిల్పి షింకెల్ కట్టిన కొత్త నాటకశాలలో దీని తొలి ప్రదర్శన జరిగింది. సెట్లు కార్ల్ గ్రోపియస్‌వి. ఈ దృశ్యమే ఎందుకంటే, రొమాంటిక్ (ప్రేమ అని కాదు, ప్రకృతిని, భయాన్ని, అద్భుతాన్ని ఇష్టపడిన ఆనాటి కళాధోరణి) రంగాలంకరణకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి: అడవి, చంద్రుడు, జలపాతం, తుఫాను, దయ్యాలు, మంట. పైగా ఇది నిజంగానే కష్టం. ఇది కట్టగలిగితే మిగతా సెట్ల జోలికి ధైర్యంగా వెళ్ళొచ్చు.

మనం కట్టేది 1:25 మోడల్. అంటే అసలు వేదిక మీద ఒక మీటరు మన పెట్టెలో 4 సెంటీమీటర్లు. మనిషి సుమారు 6.8 సెంటీమీటర్లు వస్తాడు. అట్టతో అలాంటి మనుషుల్ని ముగ్గుర్ని ఇప్పుడే కత్తిరించి పక్కన పెట్టుకోండి. ప్రతి దశలోనూ వాళ్ళతో పని ఉంటుంది.

మొదటి దశ: కథను మార్పుల పట్టికగా రాసుకోండి

కథ కొంచెం తెలియాలి. బొహీమియా అడవులు, ముప్పై ఏళ్ళ యుద్ధం అప్పుడే ముగిసిన కాలం. మాక్స్ అనే వేటగాడు గురితప్పుతున్నాడు. మర్నాడు పోటీలో గెలవకపోతే అగాథను పెళ్ళి చేసుకోలేడు. కాస్పర్ అనేవాడు అతణ్ణి అర్ధరాత్రి లోయకు రమ్మంటాడు. అక్కడ సామియేల్ అనే పిశాచం సాయంతో ఏడు మాయ తూటాలు పోతపోస్తారు. ఆరు తూటాలు అనుకున్నచోట తగులుతాయి, ఏడోది మాత్రం సామియేల్ ఇష్టం.

ఫ్రీడ్రిష్ కిండ్ రాసిన లిబ్రెటోలో, అంటే ఆపెరా మాటల ప్రతిలో, రంగసూచనలు చాలా వివరంగా ఉంటాయి. చుట్టూ ఎత్తైన కొండలు, ఎక్కువగా దేవదారు జాతి చెట్లు, ఒక కొండ మీంచి జలపాతం, పాలిపోయిన నిండు చంద్రుడు, ఎదురెదురు దిక్కుల నుంచి వస్తున్న రెండు తుఫానులు. ముందువైపు పిడుగుపడి ఎండిపోయిన చెట్టు, లోపల కుళ్ళి మినుకుమినుకుమంటూ ఉంటుంది. ఇంకోపక్క ముడులు తిరిగిన కొమ్మ మీద నిప్పుకళ్ళ గుడ్లగూబ. కాస్పర్ నల్లరాళ్ళతో వలయం పేర్చి మధ్యలో పుర్రె పెడతాడు.

ఇక మార్పులు. అర్ధరాత్రి పన్నెండు కొడుతుంది, సామియేల్ కనిపిస్తాడు, మాయమవుతాడు. మాక్స్ పై బండ మీద కనిపిస్తాడు. అతనికి చనిపోయిన తల్లి ఆకారం, తర్వాత జలపాతంలో దూకబోతున్న అగాథ ఆకారం కనిపిస్తాయి. అతను కిందికి దిగుతాడు. తర్వాత పోత మొదలవుతుంది. మొదటి తూటాకు రాత్రి పక్షులు వచ్చి వాలతాయి. రెండోదానికి నల్లటి అడవిపంది. మూడోదానికి చెట్లు విరిచే గాలి. నాలుగోదానికి కొరడాల చప్పుడు, గుర్రాల డెక్కలు, దొర్లుకుంటూ పోయే నిప్పు చక్రాలు. ఐదోదానికి ఆకాశంలో దయ్యాల వేట. ఆరోదానికి రెండు తుఫానులూ ఢీకొంటాయి, నేలలోంచి మంటలు లేస్తాయి. ఏడోదానికి మాక్స్ వలయంలోంచి దూకి ఎండుచెట్టు కొమ్మ పట్టుకుంటాడు. ఆ క్షణంలో చెట్టు ఉన్నచోట సామియేల్ నిలబడి అతని చేతిని అందుకోబోతుంటాడు. గంట ఒకటి కొడుతుంది. అంతా ఆగిపోతుంది.

ఇదంతా పావుగంటకు కాస్త పైన. రికార్డింగ్ పెట్టుకుని, చేతిలో గడియారంతో, ప్రతి మార్పు ఎన్నో నిమిషంలో వస్తుందో, దాని తర్వాతి మార్పుకు ఎన్ని సెకన్ల వ్యవధి ఉందో రాసుకోండి. తూటాల దగ్గరకొచ్చేసరికి ఆ వ్యవధి ఎంత తక్కువో చూస్తే టెన్షన్ పుడుతుంది. పుట్టాలి కూడా. ఏది తాడుతో లాగాలి, ఏది వెలుగుతో చూపాలి, ఏది కేవలం చప్పుడుగా వదిలేయాలి అనే నిర్ణయం ఆ సెకన్లే చేస్తాయి. మన మోడల్‌లో మూడో తూటా గాలికి నేనైతే బొమ్మేమీ పెట్టను. ఆర్కెస్ట్రా ఆ పని చక్కగా చేస్తుంది.

ఇంకొకటి గమనించండి. కాస్పర్ తూటాలు లెక్కపెడుతుంటే లోయ ప్రతిధ్వని ఆ అంకెను తిరిగి చెబుతుంది. అంటే ప్రేక్షకుడికి రెండు పక్కలా కొండ గోడలు కనబడి తీరాలి. ఖాళీ ఆకాశం ముందు ప్రతిధ్వని నమ్మశక్యంగా ఉండదు.

రెండో దశ: వెలుగు ఎంత ఉందో ముందే తేల్చుకోండి

బెర్లిన్ వీధులకే గ్యాస్ దీపాలు 1826లో వచ్చాయి. కాబట్టి 1821 నాటి ఈ లోయ నూనె దీపాల వెలుగులో కనిపించినదే. పసుపు వెలుగు, తక్కువ వెలుగు. వేదిక అంచున ఫుట్‌లైట్ల వరస, వింగ్స్ (వేదికకు రెండు పక్కలా నిలబెట్టే బొమ్మ పలకలు) వెనక నిలువు దీపాలు. లండన్‌లో డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ 1817లోనే గ్యాస్‌కు మారాయి. పారిస్ ఆపెరా 1822 ఫిబ్రవరి 6న "అలాదిన్"తో మారింది. గ్యాస్ తెచ్చిన అసలు లాభం వెలుగు పెరగడం కాదు, ఒకేచోట కుళాయి తిప్పి మొత్తం వేదికను తగ్గించగలగడం, పెంచగలగడం. 1831లో "రాబర్ట్ ల దియాబ్ల్" ఆపెరాలో వెన్నెల రాత్రి సమాధుల్లోంచి సన్యాసినులు లేచి నాట్యం చేసే దృశ్యం పారిస్‌ను ఊపేసిందంటే అక్కడి రంగాలంకరణ చిత్రకారుడు సిసేరీ వేసిన మఠం తెరలకు ఎంత వాటా ఉందో, ఆ తగ్గించిన గ్యాస్‌కూ అంత వాటా ఉంది. 1849లో "ల ప్రొఫెత్"కు భౌతికశాస్త్రవేత్త ఫూకో విద్యుత్ ఆర్క్ దీపంతో సూర్యోదయం చేయించేసరికి ఈ కథ ఇంకో మలుపు తిరిగింది.

మన పెట్టెకు మూడు లైను 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్‌లు చాలు, ఒక్కోదానికి విడి డిమ్మర్‌తో. ముందు అంచున వెచ్చటి పసుపు, 2700 కెల్విన్ రకం. వెనక తెర వెనకాల లేత నీలం. నేల కింద ఎరుపు కలిసిన నారింజ, పోత మంట కోసం. అన్నిటి ముందూ ట్రేసింగ్ పేపర్ అతికించండి, లేకపోతే చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి.

ఇప్పుడే, ఖాళీ పెట్టెలో, ఆ వెలుగు పెట్టి చూడండి. ముందు పసుపు లైటును సగానికి పైగా తగ్గించాలి. గదిలో ట్యూబ్‌లైటు ఆర్పాలి. ఇకమీదట ఏ రంగు కలిపినా, ఏ గీత గీసినా ఈ వెలుగులోనే పరీక్షించాలి. ట్యూబ్‌లైటు కింద అద్భుతంగా ఉన్న తెర ఈ వెలుగులో మట్టిముద్దలా కనిపించడం మామూలే. అక్కడ వెలవెలబోయినట్టున్న తెర ఇక్కడ ప్రాణం పోసుకోవడమూ మామూలే.

మూడో దశ: పెట్టె, నేల, ప్లాను

దళసరి అట్టతో గానీ 3 మి.మీ. ప్లైవుడ్‌తో గానీ 60 సెం.మీ. వెడల్పు, 50 లోతు, 45 ఎత్తు పెట్టె కట్టండి. ముందువైపు తెరిచి ఉంచే ఖాళీ 48 వెడల్పు, 34 ఎత్తు. అసలు లెక్కలో 12 మీటర్లు, ఎనిమిదిన్నర మీటర్లు. నేల వెనక్కి పోయేకొద్దీ కాస్త పైకి లేవాలి, మొత్తం లోతు మీద 2 సెం.మీ. ఆ రోజుల్లో వేదికలు అలా వాలుగానే ఉండేవి. దూరం ఎక్కువ ఉన్నట్టు భ్రమ కలిగించడంలో సగం పని ఆ వాలుదే.

నేల మీద అంచు నుంచి 6, 14, 22, 30, 38 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా సన్నని చీలికలు కోయండి. వింగ్స్ నిలబడేది వాటిలో. వెనక తెర 46 దగ్గర. అసలు నాటకశాలల్లో ఈ చీలికల కింద, నేలమాళిగలో, చక్రాల బళ్ళుండేవి. ఒక్కో బండి మీద ఒక్కో వింగ్. అన్ని బళ్ళ తాళ్ళూ ఒకే పెద్ద దూలానికి చుట్టి, దాన్ని తిప్పితే పాత దృశ్యం పక్కకు జారి కొత్తది ఒక్కసారిగా ముందుకొచ్చేది. 1640ల్లో వెనిస్‌లో రంగయంత్రాల నిపుణుడు టొరెల్లి చేతిలో పేరు తెచ్చుకున్న ఈ యంత్రం 19వ శతాబ్దం నడుమ దాకా చాలాచోట్ల బతికే ఉంది. స్వీడన్‌లో 1766 నాటి డ్రోట్నింగ్‌హోమ్ నాటకశాలలో ఇప్పటికీ పనిచేస్తోంది.

రొమాంటిక్ డిజైనర్ చేసిన తిరుగుబాటు ఈ వింగ్స్ వరస మీదే. అంతకు ముందు శతాబ్దపు రాజభవనం సెట్ అయితే కుడి ఎడమలు అచ్చుగుద్దినట్టు ఉండేవి. లోయ అలా ఉండదు. మన ప్లానులో ప్రేక్షకుడి ఎడమవైపు పెద్ద కొండ ముందుకు పొడుచుకు రావాలి. కుడివైపు వెనక్కి తెరుచుకుని, మూలగా దూరంగా జలపాతం కనిపించాలి. అంటే ఎడమ మూడు, నాలుగు వింగ్స్‌ను కలిపేసి ఒకే బండగా కట్టేస్తాం. కుడి మూడోది అసలు పెట్టం.

ఆ ఎడమ బండ బొమ్మగా ఉంటే చాలదు. మాక్స్ దాని పైన నిలబడాలి, దిగిరావాలి. కాబట్టి అట్టపలకలతో పొరలు పొరలుగా గట్టి మెట్టు కట్టండి, 12 సెం.మీ. ఎత్తు దాకా. అట్టమనిషిని పైన పెట్టి ముందునుంచి చూడండి. తల బోర్డర్ (పైనుంచి అడ్డంగా వేలాడే చిన్న తెర) వెనక్కి పోతోందా? అయితే ఎత్తు తగ్గించండి. జలపాతం అతనికి ఎదురుగా ఉండాలి, ఎందుకంటే అగాథ ఆకారం కనిపించేది అక్కడే.

ఇక ఎండుచెట్టు. చాలామంది దీన్ని అందం కోసం ముందు మూలన పెట్టేస్తారు. అది తప్పు. ఏడో తూటాకు మాక్స్ వలయంలోంచి ఒక్క దూకుతో దాని కొమ్మ అందుకోవాలి, మరుక్షణం అక్కడ చెట్టు ఉండకూడదు. కాబట్టి చెట్టు రెండో చీలిక దగ్గర, నడిమధ్య నుంచి కాస్త కుడికి. వలయం దానికి ఎడమగా, అసలు లెక్కలో రెండు మీటర్లకు మించకుండా, అంటే మోడల్‌లో 8 సెం.మీ. లోపు. చెట్టును ముందువైపు మాత్రమే ఉన్న సగం బోదెగా కత్తిరించి, కింద సన్నని పుల్ల అతికించి, నేలలో ఒక చీలిక కోసి అందులోంచి కిందికి లాగేలా చేయండి. సామియేల్ బొమ్మ ఆ సగం బోదె వెనకే ముందునుంచీ నిలబడి ఉంటాడు. పుల్ల లాగితే చెట్టు నేలలోకి పోతుంది, అతను మిగులుతాడు. అర సెకను పని. కానీ ఆ అర సెకను కళ్ళు ఇంకెక్కడో ఉండాలి కాబట్టి సరిగ్గా అప్పుడే వెనక నీలం లైటు ఒక్కసారి పెంచి ఆర్పేయాలి. మెరుపూ అదే, మోసమూ అదే.

పక్క దృశ్యాన్ని కూడా మరిచిపోవద్దు. లోయకు ముందు నడిచేది అటవీ అధికారి ఇంట్లో అగాథ ఉన్న గది. దాన్ని మొదటి చీలిక దగ్గరే ఒక తెరతో ముగించేస్తే, అగాథ పాడుతున్నంతసేపూ వెనకాల లోయను చప్పుడు కాకుండా పేర్చుకోవచ్చు. లోతు తక్కువ దృశ్యం, లోతైన దృశ్యం ఒకదాని తర్వాత ఒకటి రావడం ఆ కాలపు ఆపెరాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే ఏర్పాటు. కారణం కథలో కంటే వేదిక వెనకాలే ఎక్కువ.

నాలుగో దశ: గీత, కత్తిరింపు

దీనికి పెద్ద వివరణ అక్కర్లేదు. వింగ్స్ రూపురేఖలు తిన్నగా ఉండకూడదు. కొమ్మలు, వేళ్ళు, బండల అంచులు నడిమధ్యకు చొచ్చుకు రావాలి. ఆకుల మధ్య సందులు కోసినప్పుడు గుడ్డ వేలాడిపోకుండా వెనక సన్నని వల అతికించేవారు. మనం దోమతెర గుడ్డ అతికిద్దాం. వెనక్కి పోయేకొద్దీ చెట్లు చిన్నవవ్వాలి, అంచుల పదును తగ్గాలి. అయితే అట్టమనిషిని వెనక తెర పక్కన నిలబెట్టారంటే అతను చెట్టంత ఎత్తు కనబడి పరువు పోతుంది. అందుకే చివరి మూడోవంతులోకి నటులెవరూ వెళ్ళకూడదని ప్లాను మీదే గీత గీసేయండి.

కొండలకు నమూనా కావాలంటే కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ చిత్రాలు చూడండి. 1798 నుంచి డ్రెస్డెన్‌లోనే ఉన్నాడు. వేబర్ 1817లో అదే ఊరికి ఉద్యోగం మీద వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఇసుకరాయి కొండలు, పొగమంచు, ఒంటరి దేవదారులు ఈ దృశ్యానికి సొంతం. ఊహించి గీయకుండా చూసి గీయడం ఆ తరం అలవాటు. "లా ముయెత్ ద పోర్తిచి" ఆపెరాలో 1828లో వెసూవియస్ బద్దలవ్వాలంటే, అలాంటి దృశ్యాన్నే డిజైనర్ సాంక్విరికో ఎలా చేశాడో చూడడానికి సిసేరీ మిలాన్ వెళ్ళివచ్చాడు.

ఐదో దశ: రంగు

పల్చటి మల్లు గుడ్డ తీసుకోండి. అసలు పద్ధతిలో పశువుల తోలు జిగురును వేడినీళ్ళలో కరిగించి, అందులో పొడి రంగులు, సుద్ద కలిపేవారు. పారిస్‌లో గుడ్డను నేల మీద పరిచి, పొడుగు కర్రల కుంచెలతో దాని మీదే నడుస్తూ వేసేవారు. మనకు పోస్టర్ కలర్స్, బాగా పల్చగా చేసిన ఫెవికాల్ చాలు. ఒక వంతు ఫెవికాల్‌కు ఎనిమిది, పది వంతుల నీళ్ళు కలిపి ముందు గుడ్డకు పట్టించి, చట్రానికి లాగి కట్టి ఆరనివ్వండి. పోస్టర్ కలర్ ఆరాక తేలిపోతుంది. కాబట్టి కలిపిన ప్రతి రంగూ పక్కన పీలిక మీద వేసి, ఆరాక, రెండో దశలో పెట్టుకున్న వెలుగులో చూసి అప్పుడు వాడండి.

నలుపు వాడొద్దు. ప్రష్యన్ బ్లూ, అంబర్ (umber, ముదురు మట్టి గోధుమ రంగు) కలిపితే వచ్చే చీకటి ఊపిరి పీల్చుకుంటుంది. ట్యూబులోంచి తీసిన నలుపు గుడ్డలో కన్నంలా కనిపిస్తుంది. పసుపు వెలుగులో నీలం కాస్త ఆకుపచ్చకు తిరిగి మందగిస్తుంది కాబట్టి అనుకున్నదానికంటే నీలంగా వేయాలి. ముందు వింగ్స్‌కు ముదురు గోధుమ, నడుమ వాటికి బూడిద కలిసిన ఆకుపచ్చ, వెనక తెరకు నీలి బూడిద. వివరాలు మొదటి రెండు జతల్లోనే. మిగతావి పెద్ద కుంచెతో నాలుగు దెబ్బల్లో తేల్చేయండి. చేయి ఊరుకోదు, ఆకులు గీస్తూ పోతుంది. పెట్టెకు రెండు మీటర్ల దూరంలో నిలబడి చూస్తే ఆ ఆకులేవీ కనబడవు.

వెనక తెరలోనే అసలు మాయ. డాగేర్ 1822లో పారిస్‌లో తెరిచిన డయోరామా అనే బొమ్మల ప్రదర్శన 1830ల్లో ఈ సూత్రానికే వచ్చింది: పల్చటి గుడ్డకు రెండు వైపులా బొమ్మ. ముందునుంచి వెలుగు పడితే ఒక దృశ్యం, వెనకనుంచి పడితే ఇంకొకటి. మన తెర ముందువైపు ప్రశాంతమైన వెన్నెల ఆకాశం వేయండి. సుద్ద కలపకుండా, నీళ్ళలా పల్చగా. వెనకవైపు ముదురు రంగుతో రెండు పక్కల నుంచి తోసుకొస్తున్న మబ్బులు వేయండి. వెనక లైటు తక్కువగా ఉన్నంతసేపు ఆకాశం తేటగా ఉంటుంది. ఐదో తూటా నుంచి లైటు పెంచుతూ పోతే మబ్బులు వాటంతటవే పుట్టుకొస్తాయి. చంద్రుడి చోట గుండ్రంగా కోసి బటర్ పేపర్ అతికించి, వెనక దానికే ఒక చిన్న బల్బు.

తల్లి, అగాథ ఆకారాలకు జలపాతం ముందు పరిచిన దోమతెర గుడ్డ ముక్క చాలు. దాని మీద రాళ్ళ రంగు పల్చగా అద్దండి. ముందు వెలుగులో రాయిగా కనిపిస్తుంది. వెనక ఉన్న బొమ్మ మీద చిన్న లైటు వేస్తే రాయి కరిగి మనిషి తేలుతుంది. జలపాతానికి వెండిజరీ గుడ్డను రెండు రూళ్ళకు చుట్టి గొలుసులా తిప్పండి.

ఇక్కడ మనవాళ్ళ ఊసు ఎత్తక తప్పదు. రంగు తెరలు, సైడ్ వింగ్స్ ఐరోపా నుంచి బొంబాయి పార్సీ కంపెనీల మీదుగా మన నాటకాల్లోకి వచ్చాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివాళ్ళ "మాయాబజార్" చూసినవాళ్ళు పైన చెప్పిన కిటుకుల్లో సగం గుర్తుపట్టేస్తారు. మోడల్ కట్టే ముందు ఒక సురభి నాటకం, వీలైతే పక్కనుంచి, చూడండి. తాడు ఎవరు లాగుతున్నారు, ఎప్పుడు లాగుతున్నారు అన్నది ఏ పుస్తకంలో కంటే అక్కడ బాగా తెలుస్తుంది.

ఆరో దశ: మంట, పిడుగు, ఒక హెచ్చరిక

అప్పట్లో మెరుపుకు లైకోపోడియం అనే, ఫెర్న్‌లకు దగ్గరి మొక్క సిద్ధబీజాల పొడిని మంట మీదికి ఊదేవారు. ఉరుముకు ఇనప రేకు ఊపేవారు, లేదా కర్ర తొట్లలో ఫిరంగి గుళ్ళు దొర్లించేవారు. రేకు మీరూ చేసుకోవచ్చు. పొడి జోలికి మాత్రం ఇంట్లో, కాలేజీలో ఎక్కడా వెళ్ళకండి. గుడ్డ, జిగురు, కర్ర, మంట కలిసిన చోట ఏం జరుగుతుందో ఆ శతాబ్దం చూసింది. 1862లో పారిస్ ఆపెరాలో రిహార్సల్ జరుగుతుండగా గ్యాస్ మంటకు నర్తకి ఎమ్మా లివ్రీ దుస్తులు అంటుకున్నాయి, మరుసటి ఏడాది ఆమె చనిపోయింది. ఆ ఆపెరా నడిచిన లె పెలెతియే భవనం 1873లో కాలిపోయింది. 1881లో వియన్నా రింగ్ థియేటర్ మంటల్లో వందల మంది పోయారు. మన నేల కింది నారింజ స్ట్రిప్ మీద నలిపిన బటర్ పేపర్ పరిచి, చిన్న ఫ్యాన్‌తో గాలి కొట్టండి. చాలినంత మంట వస్తుంది.

నిప్పు చక్రాలకు, దయ్యాల వేటకు పల్చటి ప్లాస్టిక్ షీటు మీద బొమ్మలు గీసి, వెనక తెర వెనకాల లైటు ముందు పక్కకు జరపండి. నీడలు పెద్దవై తెర మీద పరుగెడతాయి. అడవిపందిని అట్టతో కోసి పుల్లకు గుచ్చి కుడివైపు ఖాళీ వదిలిన మూడో చీలికలో నడిపించండి. గుడ్లగూబ కళ్ళకు రెండు ఎర్ర ఎల్ఈడీలు.

ఏడో దశ: సంగీతంతో పరుగు

ఒక్కరి వల్ల కాదు, కనీసం ముగ్గురు కావాలి: లైట్లకు ఒకరు, నేల కింద ఒకరు, వెనక తెర దగ్గర ఒకరు. మొదటి దశలో రాసుకున్న పట్టికను ముగ్గురికీ విడివిడిగా కాపీ చేసి, ఎవరి పని వాళ్ళకు ఎర్ర గీతతో గుర్తుపెట్టండి. ఆ కాలంలో పారిస్‌లో పాలియాంటి, మిలాన్‌లో రికోర్డి సంస్థ అచ్చువేసిన ప్రదర్శన పుస్తకాలు దాదాపు ఇదే పనికి: కొత్త ఊళ్ళో అదే ఆపెరా ఆడేటప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏది ఎప్పుడు మారాలి.

మొదట సంగీతం లేకుండా, తర్వాత సంగీతంతో నడపండి. ఏ మార్పు ఆలస్యమైతే దాన్ని వేగంగా చేయడానికి తంటాలు పడకుండా దాని ముందు వచ్చే పనిని తీసేయండి. తూటాల దగ్గర ఒకేసారి రెండు కదలికలు ఉండకూడదు. అలా ఉంటే ప్రేక్షకుడు రెండూ చూడడు. వీడియో తీసేటప్పుడు ఫోన్ కెమెరా ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. లేకపోతే మీరు కష్టపడి తెచ్చిన చీకటిని అది తనంతట తాను వెలిగించేస్తుంది.

పని అయ్యాక తెరలు మడతపెట్టకండి. జిగురు రంగు మడత మీద పగిలి రాలుతుంది. రంగు వేసిన వైపు బయటికి ఉండేలా పీవీసీ గొట్టానికి చుట్టి, పైన పాత నూలుబట్ట కట్టి, గొట్టం మీద దృశ్యం పేరు, చీలిక నంబరు రాసి పెట్టండి.